విడుదల రుసుము

'నా కాగితాలు నాకివ్వడానికి నాకే డబ్బు కట్టమంటారా?'

ఈ ఒక్క ప్రశ్ననే అతను పొద్దుటినుంచీ అద్దం ముందు నిలబడి రకరకాలుగా అడిగి చూసుకున్నాడు. నడిపేది కళ్ళజోళ్ళ షాపు కాబట్టి అద్దాలకు కొదవలేదు. పెద్ద అద్దంలో ప్రశ్న గంభీరంగా వచ్చింది. చేతి అద్దంలో కాస్త ఏడుపుగొట్టుగా వచ్చింది. పెద్ద అద్దాన్నే నమ్ముకుని మధ్యాహ్నం బ్యాంకుకు బయల్దేరాడు.

వీధిలో అందరూ అతన్ని లాయరని పిలుస్తారు. నిజానికి ఏనాడూ కోర్టు మెట్లెక్కినవాడు కాదు. ఎవరు ఏ బిల్లు ఇచ్చినా వాదించకుండా కట్టడు, అందుకని ఆ పేరు. ఆ పేరంటే అతనికీ లోలోపల ఇష్టమే.

షాపు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు ఈమధ్యే తీరిపోయింది. దస్తావేజులు తెచ్చుకుందామని వెళ్తే, వాటిని వెనక్కివ్వడానికి 'విడుదల రుసుము' కట్టాలన్నారు. ఆ మాట విన్న రోజే, పక్కన మందుల షాపు నడుపుతున్న బావమరిది ముందు తొడగొట్టాడు.

"పైసా కట్టకుండా తెస్తాను. తేలేకపోతే ఈ వీధిలో ఇంకెవరితోనూ వాదించను. సరేనా?"

బావమరిది మాత్రల పెట్టెలు సర్దుతూ నవ్వాడు. "పాత మేనేజరైతే ఏమో గానీ బావా, కొత్తగా బదిలీ మీద వచ్చినావిడ దగ్గర నీ పప్పులుడకవు."

"చూస్తూ ఉండు."

అనేశాక గానీ తానేం పణం పెట్టాడో తెలిసిరాలేదు. వాదించకుండా బతకడమంటే అతనికి నోరు కుట్టేసుకోవడమే. ఇక కూరగాయలు కొనడానికి కూడా ఇంకొకర్ని పంపాలి.

బ్యాంకులో గుమస్తా ఓపిగ్గా చెప్పాడు. "మీ కాగితాలు హెడ్డాఫీసు లాకర్లో ఉంటాయి సర్. బయటికి తీయాలి, సరిచూడాలి, ఇక్కడికి పంపాలి. దానికే రుసుము. మీవి వచ్చేశాయి కూడా."

"నేనేమైనా దాచిపెట్టమన్నానా? మీరే అడిగి తీసుకున్నారు, మీరే దాచుకున్నారు. నేను మేనేజరుగారితోనే మాట్లాడతాను."

గుమస్తా జాలిగా చూశాడు. "మీ ఇష్టం సర్."

పక్క కుర్చీలో అమ్మాయి కంప్యూటరు వెనక మొహం దాచుకుంది. నవ్వుతోందని భుజాలను బట్టి తెలుస్తూనే ఉంది. లాయరు చొక్కా సర్దుకుని మేనేజరు గది ముందు నిలబడ్డాడు.

లోపల ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనదీ అదే గొడవ. "పెన్షను మీద బతికేవాణ్ణమ్మా" అన్నాడు, అంతే. మేనేజరు కాగితం చదివింది. "సరే బాబాయిగారూ, మీకు మాఫీ చేస్తున్నాను" అని సంతకం పెట్టేసింది.

లాయరుకు ప్రాణం లేచొచ్చింది. వాదించకుండానే మాఫీ దొరికే చోట, వాదిస్తే ఎదురు డబ్బులిస్తారేమో అనిపించింది. ముసలాయన బయటికి రాగానే లోపలికి వెళ్ళాడు.

"కూర్చోండి" అంది మేనేజరు, తల ఎత్తకుండానే.

అతను కూర్చోలేదు. కూర్చుంటే పెద్ద అద్దంలోని గాంభీర్యం రాదు.

"నా కాగితాలు నాకివ్వడానికి నాకే డబ్బు కట్టమంటారా?"

ఇంతా చేస్తే చేతి అద్దంలోని గొంతే వచ్చింది.

"కట్టాలండీ. అప్పు తీసుకున్న రోజు మీరు సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఉంది."

"చూడండి మేడమ్. నా దగ్గరికి కళ్ళజోడు రిపేరుకొస్తే, రిపేరుకే తీసుకుంటాను. తిరిగి చేతికిచ్చినందుకు వేరే తీసుకోను."

"పెట్టెకి వేరే తీసుకుంటారు కదా" అంది మేనేజరు, ఫైలు తిరగేస్తూ.

నిజమే, తీసుకుంటాడు. వద్దన్నవాళ్ళకు కూడా అంటగట్టి మరీ తీసుకుంటాడు. తను కట్టుకొచ్చిన వాదన తన షాపులోంచే కూలిపోయినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే.

"ఇందాక ఆ పెద్దాయనకు మాఫీ చేశారు. నా కళ్ళతో చూశాను. మనిషికో రూలా?"

మేనేజరు అప్పుడు తల ఎత్తింది. "ఆయనకు చేసే అధికారం నాకుంది. మీకు చేసే అధికారం లేదు. రూల్సు పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించమంటారా?"

"అక్కర్లేదు."

ఆ పేజీలో ఏముందో అతనికి బాగానే తెలుసు. తెలిసీ వచ్చాడు.

"పోనీ, సగం?" అని గొణిగాడు.

"కౌంటర్లో కట్టండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి."

కట్టాడు. గుమస్తా దస్తావేజుల కవరును రెండు చేతులతో అందించి, "శుభం సర్" అన్నాడు. షాపు మళ్ళీ తనదైపోయింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన క్షణమే, కానీ సంతోషపడాల్సిన చోట సిగ్గొచ్చి కూర్చుంది.

బయటికొచ్చి స్కూటరు మీద కూలబడ్డాడు. బ్యాంకు మూసేవేళ అయింది. బావమరిదికి ఏం చెప్పాలో ఆలోచించాడు. కంప్యూటర్లు పనిచేయలేదని చెప్పొచ్చు. మేనేజరు సెలవులో ఉందని చెప్పొచ్చు గానీ, ఆ అబద్ధం వాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలవదు. రేపటినుంచి ఎవడు ఎంతంటే అంత చేతిలో పెట్టి, నోరు మూసుకుని నడిచిపోవాలి. ఆ బతుకు తలుచుకుంటేనే దిగులేసింది.

షట్టరు దిగాక మేనేజరు బయటికొచ్చి, అతని చేతిలోని కవరు తీసుకుని తన సంచిలో పెట్టుకుని, స్కూటరు వెనక కూర్చుంటూ, "ఇంటికి తర్వాత వెళ్దాం, ముందు మా తమ్ముడి మందుల షాపు దగ్గర ఆపండి" అంది.