టోపీ లేని పెద్దమనిషి

ఆ రోజు మార్చి పదకొండు. పొద్దున రెండు అరటిపళ్లు తిని వచ్చిన జీవశాస్త్రం మాస్టారికి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగే తీరిక కూడా చిక్కలేదు. ఇంతలో ల్యాబు గుమ్మంలో ఈల మోగింది. పరుగెత్తుకెళ్లి చూస్తే, వాచ్‌మన్ తాత ఒక బట్టతల పెద్దమనిషిని స్టూలుకు కట్టేసి బుగ్గలు పూరించి ఈల ఊదుతున్నాడు.

"ఎవరు తాతా ఈయన?"

"వైరస్ మాస్టారూ!"

మాస్టారు దగ్గరికెళ్లి ముఖం చూసి గుర్తుపట్టారు. ల్యాబును ఉంచాలో, స్టోరు గదిగా మార్చాలో ఇవాళ తేల్చడానికొచ్చిన తనిఖీ అధికారి ఆయన.

"కట్లు విప్పు, ముందు కట్లు విప్పు!"

"అదేంటి మాస్టారూ! ఇవాళ ప్రదర్శనలో ఈ ల్యాబే కణం అన్నారు. కణం సొంత కబురుకు, అదేదో ఆర్‌ఎన్‌ఏ అట, తలమీద టోపీ ఉంటుంది, వైరస్ కబురు బోడితలతో వస్తుంది, కనబడగానే ఈల కొట్టమన్నారు. కొట్టాను. గేటు దగ్గర మనవాళ్లందరికీ టోపీలిచ్చారా, ఈయనకి టోపీ సంగతి అటుంచి, వెంట్రుకే లేదు!"

"అధికారినని మొత్తుకున్నానయ్యా!" అన్నారు పెద్దమనిషి.

"వైరస్ కూడా మనవాడిలాగే మాట్లాడుతుందట లెండి."

వైరస్ దొరికితే కణం పనులాపేసి పక్క కణాలను హెచ్చరిస్తుందన్న పాఠం ప్రకారం, ఈల వినగానే పిల్లలు పనులన్నీ ఆపేశారు. పక్క కణాలైన ఫిజిక్సు, కెమిస్ట్రీ గదులు టపటపా తలుపులు బిగించుకున్నాయి. కెమిస్ట్రీలో ప్రిన్సిపాల్ ఇరుక్కుపోయారు.

కట్లు విప్పి, మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అధికారి మణికట్లు రుద్దుకుంటూ తాతను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వారు.

"చదువుకునేటప్పుడు నా బుర్రకెక్కని పాఠం రెండు నిమిషాల్లో ఎక్కించాడయ్యా. ల్యాబు ఉంటుంది, పో!" అని కాగితం మీద సంతకం పెట్టేశారు.

మాస్టారు కాగితం అందుకున్నారు. "గేటు దగ్గర మీకు టోపీ ఇవ్వలేదా సార్?"

"ఇచ్చారు. మెట్ల మీద ఎవరో 'ఒక్కసారి చూసిస్తా'నని తీసుకుని, నెత్తిన పెట్టుకుని పైకెళ్లిపోయాడు."

"ఆయనా!" తాత మురిసిపోయాడు. "మర్యాదస్తుడు. మైక్రోస్కోపులు రిపేరుకన్నాడు. టోపీ ఉంది కదా, మనవాడేనని అన్నీ నేనే మోసి బండెక్కించాను!"

"అంటే, నా టోపీ తీసి మనందరికీ టోపీ పెట్టాడన్నమాట!" అన్నారు అధికారి.

మాస్టారు ఖాళీ అల్మారా కేసి చూసి, మెల్లగా ల్యాబు తలుపు మూశారు. కణాల టోపీలు కాజేసి తగిలించుకునే వైరస్‌లు నిజంగానే ఉన్నాయి; ఆ పాఠం రేపు చెబుదామనుకున్నారాయన.