పది కాళ్ళ రొయ్య

"ఇది వానపామా, జలగా?"

ల్యాబ్ మేడం రికార్డు పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"నత్త, మేడం," అంది అమ్మాయి.

క్లాసంతా గొల్లుమంది. వంకర గీతల పుణ్యమా అని ఆ పిల్లకు వంకరమ్మ అనే పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది.

"నాలుగింటిలోగా బొమ్మలన్నీ మళ్ళీ వేసి సంతకం పెట్టించుకో. లేదంటే రేపు ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వను. పాఠ్యపుస్తకంలో ఎలా ఉంటే అలా ఉండాలి, తెలిసిందా?"

తెలియకేం! కిందటేడు ఇలాగే పరీక్ష పోయింది. ఈసారీ పోతే నాన్నకు మొహం ఎలా చూపించడం?

కిందా మీదా పడి వానపాము, జలగ, నత్త అయ్యాయనిపించింది. మిగిలింది రొయ్య. టైము మూడున్నర.

పేజీ పైన 'కీళ్ళ కాళ్ళ జీవులు, అందులో పది కాళ్ళ తెగ' అని రాసి, పుస్తకం చూస్తూ పొట్టవైపు బొమ్మ గీయడం మొదలెట్టింది.

"అదేంటి తల్లీ, ఎదురుగా సీసాలో రొయ్యను పెట్టుకుని పుస్తకంలోకి చూస్తున్నావ్?"

పక్క బల్ల దగ్గర ఓ పెద్దావిడ. కళ్ళద్దాలకు తాడు, ఒళ్ళో గుడ్డసంచి. ఎవరి బామ్మగారో కాబోలు.

"మేడం పుస్తకంలోలాగే ఉండాలన్నారండీ."

"పుస్తకమే తప్పైతే?"

"భలేవారే బామ్మగారూ! బాగా తెలిసినవాళ్ళే కదండీ వేస్తారు?"

"వేసేవాళ్ళకూ కునుకు పడుతుందిలే. ఆ కాళ్ళు లెక్కపెట్టు."

టైము లేక నేను చస్తుంటే ఈవిడొకత్తె, అని విసుక్కుంటూనే రొయ్యను పళ్ళెంలోకి తీసింది. తోకవైపు ఈత కాళ్ళు వదిలేసి, నడిచే కాళ్ళు సూదితో విడదీసి లెక్కపెట్టింది.

పది.

మళ్ళీ లెక్కపెట్టింది. పదే!

పుస్తకంలో రొయ్యకు ఎనిమిది.

ఓరి నాయనో! పైన పది కాళ్ళ తెగ అని రాసి కింద ఎనిమిది కాళ్ళు గీసిన రికార్డులు ఆ గది అరల నిండా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"ఇప్పుడేం చెయ్యనండీ?"

"నీ ఇష్టం తల్లీ. సంతకం కావలసింది నీకు."

ఎనిమిది వేస్తే ఏ గొడవా లేదు. కానీ కళ్ళారా చూశాక చెయ్యి రాలేదు. పదీ వేసేసి మేడం ముందు పెట్టింది.

"ఈ రెండు కాళ్ళూ ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావే?"

"ఒక్కసారి రొయ్యను లెక్కపెట్టండి మేడం."

మేడం కళ్ళెర్రజేసింది. అయినా సూది అందుకుని లోలోపలే లెక్కపెట్టింది. పుస్తకం చూసింది. మళ్ళీ రొయ్యను చూసింది.

"నా మతి మండా! పదిహేనేళ్ళుగా దీనికి సంతకాలు పెడుతున్నానే!" అని నెత్తి కొట్టుకుని ఫక్కున నవ్వింది.

"వంకరగా ఉంటే ఉంది, అసలు రొయ్యంటే నీదే," అంటూ సంతకం పెట్టేసింది.

అమ్మాయికి ఏనుగెక్కినంత సంబరం. గిరుక్కున తిరిగి చూస్తే పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు. వరండాలోకి పరిగెత్తింది. అటెండరు కుళాయి కింద సీసాలు కడుగుతున్నాడు.

"బాబాయ్, ఇందాకటి బామ్మగారేరీ?"

"ఇప్పుడే వెళ్ళిపోయారమ్మా, మేడం సంతకం పెట్టడం చూసి. మొహం ఇంత చేసుకుని నవ్వుకుంటూ వెళ్ళారు."

"అయ్యో, ఒక్కమాటైనా చెప్పలేదు నేను! ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు. తప్పు దిద్దమని పుస్తకం అచ్చేసేవాళ్ళకు ఎన్ని ఉత్తరాలు రాసినా పలకలేదట. ఒక్కరైనా కాళ్ళు లెక్కపెడతారేమో చూసి పోతానని పొద్దుట్నుంచీ కూర్చున్నారు. మీ పుస్తకంలో ఆ రొయ్యను వేసింది ఆవిడేనమ్మా."