రెండో పడవ

“ఒక్కరికే చోటుంది. ఇద్దరెక్కితే అందరం నీళ్ళు తాగుతాం” అన్నాడు పడవవాడు.

చాక్లెట్టమ్మకు ఒళ్ళు మండింది.

స్నేహితులు పెట్టిన పేరది. సొంతంగా చాక్లెట్లు తయారుచేస్తుంది. ఎక్కడ మంచి కోకో తోట ఉందని తెలిస్తే అక్కడ వాలిపోతుంది. ఎన్ని దేశాలు తిరిగినా, ఈ నది అవతల పెద్దతోటలో పండే గింజలకు సాటి వచ్చేవి దొరకలేదు. వాటిని పండించే పెద్దాయన మంచం పట్టాడని, ఇవాళో రేపో అన్నట్టున్నాడని కబురొచ్చింది. ఆ గింజలతో చేసిన చాక్లెట్ సంచిలో వేసుకుని బయల్దేరింది.

“నిన్ననే ఫోన్ చేసి చెప్పాను కదయ్యా!”

“చెప్పారు. ఎంతసేపు చూసినా రాలేదు. ఈవిడ తెల్లారకముందే వచ్చి కూర్చుంది.”

ఆలస్యం తనదే. హోటల్లో రెండోసారి కాఫీ తెప్పించుకుని తీరిగ్గా తాగింది. ఆ మాట పైకి అనలేదు.

పడవ కొసన, ఒళ్ళో మూట పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. పడవవాడికీ కొత్త మనిషే.

“తర్వాతి పడవ ఎప్పుడు?”

“మధ్యాహ్నం దాటాక.”

చాక్లెట్టమ్మ ఆవిడవైపు తిరిగింది.

“చూడండి, నేను చాలా దూరం నుంచి వస్తున్నాను. మీరు ఆ పడవలో రాకూడదూ?”

“నాకూ తొందరేనండీ” అంది ఆవిడ మెల్లగా.

“మీకేం తొందర? అక్కడ పెద్దతోట ఆయన చావుబతుకుల్లో ఉన్నాడు. జీవితమంతా కోకో పండించాడు, చాక్లెట్ రుచి ఎలా ఉంటుందో ఎరగడు. ఆయన గింజలతోనే చేసి తెచ్చాను. ఆలస్యమైతే ఇది ఎవరి నోట్లో పెట్టను?”

పడవలో మిగతావాళ్ళు నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ మాత్రం చాక్లెట్టమ్మ సంచినే చాలాసేపు చూసింది.

“ఆ తోట గింజలతోనేనా?”

“అవును. నాకు అబద్ధం ఆడాల్సిన పనేముంది?”

ఆవిడ మూట చంకన పెట్టుకుని లేచింది. గట్టు మీదికి దిగి అంది:

“అయితే మీరే వెళ్ళండి. ముందు అది పెట్టండి ఆయనకి.”

థాంక్స్ చెప్పేలోపే పడవ కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే, నీడ కూడా లేని గట్టు మీద ఆవిడ అలాగే నిలబడి ఉంది. చాక్లెట్టమ్మకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ‘కాస్త ఆగితే కొంప మునగదులే’ అని సర్దిచెప్పుకుంది.

అవతలి రేవులో పెద్దాయన కొడుకు ఎదురొచ్చాడు. ఆమెకు దణ్ణం పెడుతూనే పడవలోకి తొంగిచూశాడు.

“ఇంకెవరూ రాలేదా?”

“లేదండీ, నేనొక్కదాన్నే.”

ఆయన ముఖం వాడిపోయింది. పెద్ద కంపెనీ వాళ్ళు పదిమంది దిగుతారనుకున్నాడు కాబోలు అనుకుంది చాక్లెట్టమ్మ.

దారికి రెండువైపులా కోకో చెట్లు. కాండాలకే అంటుకుని ఎర్రగా, పచ్చగా కాయలు. ఇంటి ముందు చెక్కబల్లల మీద ఎండుతున్న గింజలు పులుపు వాసన కొడుతున్నాయి. ఇంకో రోజైతే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఇవాళ గబగబా లోపలికి నడిచింది.

పెద్దాయన పరుపుకు అతుక్కుపోయి ఉన్నాడు. చూపు ఆనడం లేదు. అడుగుల చప్పుడు విని చెయ్యి చాపాడు.

“వచ్చావా తల్లీ?”

“వచ్చానండీ.”

“నాన్నా, ఈవిడ...” అంటూ కొడుకు ఏదో చెప్పబోయాడు. పెద్దాయన అప్పటికే ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. కొడుకు మాట మింగేసి పక్కకు తిరిగాడు.

“కోపం పోయిందా?” అడిగాడు పెద్దాయన.

ఆమె తల దించుకుంది. పోయినేడు గింజలకు బూజు పట్టిందని ఫోన్లో ఆయన్ని నానామాటలూ అంది. తడి చేరింది తన గోదాములోనే అని తర్వాత తెలిసినా నోరు విప్పలేదు. ఆయన అది మనసులో పెట్టుకునే ఉన్నాడన్నమాట.

“పోయిందండీ. తప్పు నాదే.”

“నీది కాదే పిచ్చిదానా. నాదే.”

ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్న ముక్క విరిచి ఆయన నాలుక మీద పెట్టింది.

“చేదు” అన్నాడు.

“కొంచెం ఆగండి.”

ఆగాడు. నెమ్మదిగా ముఖం విచ్చుకుంది.

“ఆఁ... ఇప్పుడు తెలుస్తోంది. మన తోటదే.”

ఇంకో ముక్క పెట్టించుకున్నాడు. అది కరిగేదాకా కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. తన చేతిలో ఆయన చెయ్యి చల్లబడుతోందని ముందుగా తెలిసింది చాక్లెట్టమ్మకే.

ఇల్లు గొల్లుమంది.

ఆమె బయటికొచ్చి బల్లల పక్కన నిలబడింది. సమయానికి అందుకున్నానన్న తృప్తి ఎంతోసేపు నిలవలేదు. అందుకున్నది తన గొప్పతనమా? ఆవిడ లేచి చోటిస్తే కదా! కూర్చున్న మనిషిని లేపింది. పేరడగలేదు, ఏం పని మీద వెళ్తోందో అడగలేదు. పైగా, ‘మీకేం తొందర’ అంది. ఆ మాట ఇప్పుడు తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది.

రేవుకు నడిచింది. ఆవిడ రాగానే చేతులు పట్టుకుని క్షమించమనాలి. ఎక్కడికి వెళ్ళాలో కనుక్కుని, మూట తనే మోసి దిగబెట్టాలి.

రెండో పడవ వచ్చింది. ఒడ్డుకు చేరకముందే ఆవిడ మోకాలిలోతు నీళ్ళలోకి దిగేసింది. చీర తడుస్తున్నా చూసుకోకుండా గబగబా గట్టెక్కింది.

చాక్లెట్టమ్మ నోరు తెరిచేలోపే, ఆవిడే ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆత్రంగా అడిగింది:

“తిన్నాడా మా నాన్న?”