ఒంటి కమ్మ

"ఒంటి కమ్మకు ఎవరిస్తారవ్వా అంత? రెండోది ఏది?"

తాకట్టు అంగడి తిమ్మరాయన్ కమ్మను అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు. గాజు బల్లకు ఇవతల నిలబడిన మునివెంకటమ్మ కొంగును చెవులు కప్పేలా ముందుకు లాక్కుంది. అరవదేశంలోని ధర్మపురి ఎండకు ఆ మాత్రం ముసుగు ఎవరైనా వేసుకుంటారు.

"రెండోది లేదు నాయనా."

"లేదంటే? పారేసుకున్నావా, కోడలికి ఇచ్చినావా?"

"లేదు, అంతే."

తిమ్మరాయన్ కమ్మను ఒరగల్లు మీద రుద్దాడు. గీత మీద చుక్క మందు వేసి చూశాడు. బంగారం మంచిదే. ఏడు ఎర్రరాళ్ళు, పాతకాలపు పని. అయినా మొహం మాడ్చుకునే ఉంచాడు. మొహం వెలిగితే రేటు పెరుగుతుందని ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు.

"రాళ్ళకు విలువ లేదు. తరుగు తీసేసి, కరిగించే లెక్కన ఇరవై వేలు. జత ఉంటే ఆ మాట వేరే. జతయితే పెట్టుకునేవాళ్ళు ఎంతైనా ఇస్తారు. ఒంటిది ఎవరు పెట్టుకుంటారు, చెప్పు?"

"నాకు మంచి రేటు కావాల నాయనా. దానికే కదా కారిమంగళం నుంచి బస్సెక్కి వచ్చింది."

"ఊరంతా తిరుగు పో. ఇంతకు మించి ఎవరన్నా ఇస్తే నాకూ వచ్చి చెప్పు."

మునివెంకటమ్మ కమ్మను కొంగున ముడేసుకుని బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చున్న సత్య లేచింది. చుడీదార్ వేసుకున్న ఆ పిల్లే పొద్దున్నుంచి అవ్వను తన బండి మీద అంగడి అంగడికీ తిప్పుతోంది.

"ఇక్కడా కాలేదా అవ్వా?"

"కాలేదు తల్లీ. పోదాం పద."

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నారు. ఆ రోజు మునివెంకటమ్మకు ఎటు చూసినా అడవే. ఒకాయన తూకం వేసి, రెండోది తెస్తే మాట్లాడదాం అన్నాడు. ఇంకొకాయన ఆధార్ కార్డు అడిగాడు, బిల్లు అడిగాడు, జత ఏమైందని అడిగాడు. చివరికి ఇది నీదేనా అని కూడా అడిగాడు. నలభై ఏళ్ళు తన చెవికి ఉన్న కమ్మ తనదేనా అంటే ఏం చెబుతుంది? ఉడుక్కుంది గానీ పోట్లాడే ఓపిక లేదు. మోకాళ్ళు పీకుతున్నాయి. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఇంక చాలవ్వా. రేపు చూద్దాం," అంది సత్య.

"రేపటికి నా కాళ్ళు లేస్తాయో లేదో. ఇంకొక్కటి చూసేద్దాం."

ఆ ఒక్కటి బస్టాండు వెనక సందులో ఉంది. లోకనాథన్ అంగడి. ఫ్యాను కింద కూర్చుని ఫోను చూసుకుంటున్న లోకనాథన్ కమ్మను అందుకున్నాడు. దీపం కిందికి తీసుకుపోయాడు. క్షణం సేపు అతని మొహం వెలిగింది.

"అవ్వ తెలుగా? మా ఇంట్లో కూడా తెలుగే. నిలబడినావేమి, కూర్చో. నీళ్ళు తాగు."

మునివెంకటమ్మ కూర్చుంది. పొద్దున్నుంచి ఆమెను కూర్చోమన్నవాడు ఇతనొక్కడే. చెంబెడు నీళ్ళు గటగటా తాగేసింది.

"అందరూ ఇరవై అంటాండారు నాయనా."

"వాళ్ళకేం తెలుస్తాది? ఈ పని ఇప్పుడు ఎవరికొస్తాది? నేను నలభై ఇస్తాను."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"ఒరగల్లు మీద రుద్ది చూసుకోవా?"

"నీ మొహం చూస్తే తెలీదా అవ్వా, రుద్దేదెందుకు?"

"అయితే ఇంకో అయిదు వేసుకో నాయనా. ముసిలిదాన్ని."

"సరే, నలభై అయిదు. నీ కోసం."

బేరమే లేదు. లోకనాథన్ నోట్లు లెక్కపెట్టి బల్ల మీద ముందుకు తోశాడు. మునివెంకటమ్మ వాటిని ముట్టుకోలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటుంటే ముసుగు భుజం మీదికి జారింది.

ఆమె కుడి చెవి తమ్మె రెండుగా చీలిపోయి ఉంది. మధ్యలో కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

నోట్ల మీద లోకనాథన్ చెయ్యి ఆగిపోయింది.

"సత్యా, లోపలికి రా తల్లీ," అని కేకేసింది మునివెంకటమ్మ.

సత్య వచ్చింది. హెల్మెట్‌ను బల్ల మీద పెట్టి, దాని పక్కన తన పోలీసు కార్డు పెట్టింది.

"పోయిన వారం ఈ అవ్వ చెవిలోది బైకులో వచ్చినోళ్ళు తెంపుకుపోయినారు. డ్రాయర్ తియ్యండి," అంది అరవంలో.

తియ్యక తప్పలేదు. మడిచిన కాగితంలో, మర వంగిపోయి, రెండో కమ్మ బయటపడింది. మునివెంకటమ్మ రెండింటినీ ఒకే అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. కళ్ళు నిండాయి.

లోకనాథన్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఎవరూ ఇయ్యని రేటు ఇచ్చినాను కదవ్వా! ఇది నా దగ్గరుందని నీకెట్ల తెలిసింది?"

"రేటు మంచిదే నాయనా," అంది మునివెంకటమ్మ నీరసంగా లేస్తూ. "కానీ పొద్దున్నుంచి తిరిగిన అంగళ్ళలో, రెండోది ఏదవ్వా అని అడగనోడివి నువ్వొక్కడివే."