రెండు వందల యాభై ఆరు చపాతీలు

"ఈ నాలుగింట్లో నాకు పనికొచ్చేదేదో మీరే చెప్పండి మాస్టారూ," అంటూ ఆయన నాలుగు రంగుల కరపత్రాలు బల్ల మీద పరిచారు.

పుల్లయ్య అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. ఫారం మీద 'మేజర్ వెంకటకృష్ణారావు, రిటైర్డ్' అని చదివి లేచినవాడు మళ్లీ కూర్చోలేదు.

"కూర్చోండి. ఇక్కడ మీరు గురువు, నేను విద్యార్థిని."

"అలవాటు సార్. నేనూ పదిహేనేళ్లు ఆర్మీలో చేసొచ్చాను."

"అలాగా. మనమెక్కడైనా కలిశామా?"

"ఆర్మీ చాలా పెద్దది సార్," అన్నాడు పుల్లయ్య కూర్చుంటూ.

అది రెండు వేల ఒకటో సంవత్సరం. బెజవాడలో వీధికో కంప్యూటర్ సెంటర్ వెలిసిన రోజులు. పటమటలోని ఈ సెంటర్లో పుల్లయ్య నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతాడు. కృష్ణారావు గారు సైన్యం నుంచి బయటికొచ్చి ఆర్నెల్లయింది. గన్నవరం దగ్గర కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు కంప్యూటర్ ల్యాబులు చూసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు. జూన్‌లోగా ఏదో ఒక సర్టిఫికెట్ చూపించాలి. ఏ సర్టిఫికెటో మాత్రం చెప్పలేదు. బావమరిది జావా అన్నాడు. పక్కింటాయన ఒరాకిల్ అన్నాడు. ఇంకో సెంటర్‌వాళ్లు ఏడు పరీక్షలుండే ఎంసీఎస్ఈలో చేరమని ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశారు.

పుల్లయ్య కరపత్రాలు ఒక్కొక్కటే పక్కన పెట్టి ఒకటి ఉంచాడు.

"మీరు ప్రోగ్రాములు రాయబోవడం లేదు సార్. మెషీన్లన్నిటినీ కలిపి ఉంచాలి, లైను ఎక్కడ తెగిందో పట్టుకోవాలి. దానికి ఈ సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు చాలు. ఒకటే పరీక్ష, జూన్‌కి అందుతుంది. మిగతావి ఉద్యోగంలో చేరాక తీరిగ్గా చూసుకోవచ్చు."

"నాకు నలభై ఆరేళ్లు. వస్తుందంటారా?"

"వస్తుంది సార్."

అంత తేలిగ్గా ఏమీ రాలేదు. కేబుళ్లు, పెట్టెలు, వాటి పేర్లు ఆయనకు వారంలో పట్టుబడ్డాయి. చిరునామాల లెక్క దగ్గర బండి ఆగిపోయింది. ఒక నెట్‌వర్కులోని రెండు వందల యాభై ఆరు చిరునామాలను గుంపులుగా విడగొట్టాలి. ఇరవయ్యేళ్ల పిల్లలు అరనిమిషంలో చేసేది ఆయన పేజీ నిండా కొట్టివేతలతో చేసి, చివరికి తప్పు రాసేవారు. సెంటర్లో పెట్టిన మూడు నమూనా పరీక్షలూ తప్పారు. మూడోదాని తర్వాత రెండు రోజులు క్లాసుకే రాలేదు.

సెంటర్ నడిపే ఛాయాదేవి పుల్లయ్యను లోపలికి పిలిచింది.

"ఆయనకి ఇది రాదండీ. పరీక్ష తప్పితే కాలేజీ ఉద్యోగం పోతుంది, మన సెంటర్‌కీ చెడ్డపేరు. ఇప్పుడే మర్యాదగా చెప్పేయండి, ఇంకేదైనా చూసుకుంటారు."

 పుల్లయ్య తల అడ్డంగా ఊపాడు.

"రాదని చెప్పడానికి ఎంతసేపు మేడం. నాకు నాలుగు ఆదివారాలు ఇవ్వండి."

తనే వెళ్లి ఆయన్ని ఇంటి దగ్గర్నుంచి తీసుకొచ్చాడు. ఆ ఆదివారం ఖాళీ క్లాసులో బోర్డు మీద అంకెలేవీ వెయ్యలేదు. ఎనిమిది గుండ్రాలు గీశాడు.

"ఇవి తట్టలు సార్. వంటశాలలో రెండు వందల యాభై ఆరు చపాతీలున్నాయి. ఎనిమిది ప్లటూన్లకి సమానంగా పంపాలి. తట్టకెన్ని?"

"ముప్పై రెండు."

"మొదటి చపాతీ తట్టకి గుర్తు. చివరిది ఆ ప్లటూన్‌లో అందరినీ ఒకేసారి పిలవడానికి. ఆ రెండూ ఎవరికీ వడ్డించకూడదు."

"అంటే తినేది ముప్పై మంది."

"మెషీన్లూ ముప్పయ్యే సార్."

 కృష్ణారావు గారు లేచి వచ్చి, సుద్దముక్క అందుకుని, ఒక్కో తట్టనూ రెండుగా చీల్చారు. పదహారు తట్టలు, తట్టకు పదహారు, తినేది పద్నాలుగు మంది. మళ్లీ చీల్చారు. ఈసారి ఒక్క లెక్కా తప్పలేదు.

"ఇన్నాళ్లూ నన్ను ఏడిపించింది ఇదా," అన్నారు నవ్వుతూ. "ఇది మీకెలా తట్టింది మాస్టారూ?"

"పదిహేనేళ్లూ ఆ తట్టలే మోశాను సార్. వంటవాణ్ణి. ఈ కంప్యూటర్ చదువంతా బయటికొచ్చాకే."

మే నెలాఖరులో ఆయన హైదరాబాదు వెళ్లి పరీక్ష రాసి పాసయ్యారు. మూడో రోజు మధ్యాహ్నం బందరు లడ్డూల డబ్బాతో తిరిగొచ్చారు. జేబులో కాలేజీవాళ్ల నియామకపు ఉత్తర్వు కూడా ఉంది. మొదటి లడ్డూ పుల్లయ్య చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఒక మాట అడుగుతాను. ఇంత బుర్ర ఉన్నవాణ్ణి పదిహేనేళ్లు పొయ్యి దగ్గరెందుకు ఉంచారు? రేడియోలు చూసే సిగ్నల్స్ వైపు మార్చమని అడగలేదా?"

"ఒకసారి అడిగాను సార్. రాత్రుళ్లు రేడియో పుస్తకాలు చదివి, దరఖాస్తు పెట్టాను. 'సాంకేతిక పనికి తగడు' అని రాసి బెటాలియన్ ఆఫీసు నుంచి వెనక్కి పంపారు."

కృష్ణారావు గారి ముఖం కందిపోయింది. "పిలిచి మాట్లాడకుండానే?"

"వంద కాగితాల్లో అదొకటి సార్. తీరికుండి ఉండదు."

"తీరిక లేకపోతే మాత్రం? ఒక మనిషి బతుకది. ఎవరా ఆఫీసరు?"

పుల్లయ్య లడ్డూ తుంచి నోట్లో వేసుకున్నాడు. నెయ్యి బాగా పడింది.

"సంతకం సరిగా అర్థం కాలేదు సార్."

మేజరు గారు లేచి, పుల్లయ్య చేయి రెండు చేతుల్తో పట్టుకుని ఊపి బయల్దేరారు. పుల్లయ్య రోడ్డు దాకా వెంట నడిచి, గన్నవరం బస్సెక్కించాడు. సోమవారం చేరాలట. టై కట్టుకోవాలా వద్దా అని ఆయన మెట్టు మీద నిలబడి అడుగుతుంటే పుల్లయ్యకు నవ్వొచ్చింది. బస్సు కదిలాక, రెండింటి క్లాసుకు పిల్లలు ఎదురుచూస్తుంటారని వెనక్కి తిరిగాడు.

ఆ సంతకం కృష్ణారావు గారిదే.