పచ్చబడిన గుట్ట

కనకమ్మ పోయాక నేను గుట్ట ఎక్కలేదు. మేకలను ఇంటి ముందు బీడులోనే మేపాను. వానలు పడ్డా బీడులో గడ్డి లేవలేదు. ఇక మందను అమ్మేద్దామని ఆమె తమ్ముడు ఓబులేసును అర్ధవీడు నుంచి పిలిపించాను.

అతను మేకలను చూడలేదు. గుట్ట వైపు చూసి నవ్వాడు.

"ఏంది బావా, పైన మోకాలెత్తు గడ్డి పెట్టుకొని కింద మట్టి నాకిస్తాండావు? అక్క ఉంటే నిన్ను తిట్టి చంపేది."

"ఆమె రోజూ పైకి తోలేది. అప్పుడు ఇంత గడ్డి లేదే."

"రోజూ తొక్కుతాంటే ఏడ మొలుస్తాది? ఇప్పుడు తొక్కేటోళ్లు లేరు. అక్క నడిచిన దోవ గూడా మూసుకపోయింది, చూడు."

చూశాను. వాలుకు అడ్డంగా, రాళ్ల మధ్య తెల్లని గీతలా వసారాలోంచి కనిపించే దోవ అది. సాయంత్రాలు ఆమె దాని మీదనే దిగి వచ్చేది. ఇప్పుడు పైన ఒక చిన్న ముక్క మిగిలింది.

"సంతకు ఎప్పుడు తోలుకపోదాం?" అన్నాడు ఓబులేసు.

"మందను అమ్మను."

కర్ర తీసుకొని మేకలను గుట్ట మీదికి మళ్లించాను.

"ఇప్పటికి తెలివొచ్చింది బావకు!" అని వెనక నుంచి అరిచాడు.

మేత కోసమనుకున్నాడు. నేను తోలింది ఆ దోవ మీది గడ్డిని తొక్కించడానికి.