తొట్టిలోకి తిరిగి వెళ్ళిన చేప

ఇలా నా పక్కకి జరగండి, మా పక్కింటి రోసాండ సంగతి చెబుతాను.

వాళ్ళింటిని కాచే పునీతుడు నికోలా పండుగకు బల్ల మీద చేప ఉండాల్సిందే. దానికి ముందు రోజు, చేపల కొట్లో కోడలు స్నేజన ఇచ్చిన క్రెడిట్ కార్డు పనిచేయలేదు. రోసాండ తొట్టిలోంచి ఏరించిన పెద్ద చేప తక్కెడలో కొట్టుకుంటోంది. వాళ్ళ వెనకే నేనున్నాను.

"మీ మిషనే చెడింది, ఇంకోసారి గీకవయ్యా!" అంది రోసాండ.

"మిషన్ బాగానే ఉందత్తయ్యా. ఈ కార్డు మీద నిరుటి పండగ అప్పే ఇంకా తీరలేదు."

"నెలనెలా కడుతున్నావు కదే?"

"బ్యాంకు అడిగే కనీస మొత్తమే కడుతున్నా. అది వడ్డీకే సరిపోతోంది." స్నేజన సంచిలోంచి కొత్త కార్డు తీసింది. "ఇది మొన్ననే వచ్చింది. వాడకుండా ఉంటే రెండు వారాల్లోపు వద్దని వెనక్కిచ్చెయ్యొచ్చట. కానీ రేపు పిలవకపోయినా చుట్టాలొస్తారుగా."

నిరుటికి ముందేడు ఆ చుట్టాల ముందే రోసాండ, "మా కోడలికి ఖర్చుపెట్టడానికి చెయ్యి రాదు. చేప చూశారా, పిల్లికి పెట్టినట్టుంది!" అని అందరినీ నవ్వించింది. అందుకే నిరుడు స్నేజన అప్పు చేసి పెద్ద చేప పెట్టింది.

ఇప్పుడు ఆమె చూపు కోడలి పగిలిన బూట్ల మీద ఆగింది.

"మంచులో వీటితోనేనా తిరుగుతున్నావు?"

స్నేజన కొత్త కార్డు కొట్టువాడికి ఇవ్వబోయింది. రోసాండ కార్డున్న ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"చేపని తొట్టిలో వదిలెయ్ నాయనా. పదవే, ఈ కార్డు బ్యాంకులో ఇచ్చేసి వద్దాం."

మర్నాడు వాళ్ళ బల్ల మీద కొవ్వొత్తి, రొట్టె, ఉడికించిన గోధుమలు, వైను, చిక్కుడు గింజల కూర ఉన్నాయి.

"చేపేదీ వదినా?" అన్నాడు రోసాండ మరిది.

"నిరుడు తిన్నావుగా. దాని డబ్బు నా కోడలు ఇంకా కడుతోంది," అంది రోసాండ, అందరూ వినేలా. "కట్టించింది నా నోరు."

పండగ సరుకులు కొనబోయే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. మీ ఇంట్లో వాళ్ళకీ చెప్పండి.